విరిచి చూసిన చెక్కముక్కలు

మా గురువుగారు పూర్ణయ్యశాస్త్రిగారికి ఒక వింత అలవాటు. తన ఉపన్యాసం విని ఆహా ఓహో అన్నవాళ్లకి మజ్జిగ ఇప్పించి సాగనంపేవారు. ఫలానా చోట పొరపాటు చెప్పారండీ అన్నవాణ్ణి మాత్రం చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి విస్తరి వేయించేవారు. ఒకరోజు మా కామేశం ఉండబట్టలేక అడిగేశాడు: “మెచ్చుకున్నవాడికి మజ్జిగా, తప్పు పట్టినవాడికి పప్పూ నెయ్యీనా? ఇదెక్కడి న్యాయమండీ?”

గురువుగారు వాదనకు దిగలేదు. బొబ్బిలి వైపు ఉండే తన స్నేహితుడు చిన్నంనాయుడి సంగతి చెప్పారు.

నాయుడికి విమానాల పిచ్చి. ఏరో క్లబ్బులో నడపడం నేర్చాడు. అది చాలక, ఇద్దరు కూర్చునే చెక్క విమానం ఒకటి విడిభాగాలుగా పెట్టెల్లో తెప్పించి, ఖాళీగా పడున్న బియ్యం గోదాములో భార్య వరహాలమ్మతో కలిసి కట్టడం మొదలెట్టాడు. ఆ పనికో నియమం ఉంది. జిగురు కలిపినప్పుడల్లా, అదే జిగురుతో మిగులు చెక్కముక్కలు రెండు అతికించి పక్కన పెట్టాలి. మర్నాడు వాటిని విరవాలి. చెక్క చీలితే జిగురు మంచిదే. అతుకు దగ్గర ఊడిందా, ఆ జిగురుతో చేసిన పనంతా విప్పాల్సిందే. విరిచే పని వరహాలమ్మది.

ఒక ముసురు రోజున నాయుడు కుడిరెక్కకు పైచెక్క అతికించి మూసేశాడు. మర్నాడు వరహాలమ్మ చేతిలో ముక్కలు అతుకు దగ్గరే శుభ్రంగా విడిపోయాయి.

“ఏవండీ, రెక్క విప్పాలి.”

“ఊరందరికీ ఎగిరే ముహూర్తం చెప్పుకున్నానే! ఒక్క ముక్క ఊడిందని రెక్క పాడుచేసుకోమంటావా? శుభమా అని కడుతుంటే నీ అపశకునం ఒకటి!”

“ముహూర్తం పోతే ఇంకోటొస్తుంది. మీరు పోతే? ఆ రెండో సీటు నాది. నేనెక్కను, మిమ్మల్నీ ఎక్కనివ్వను.”

నాయుడు అలిగాడు. అన్నం ముట్టలేదు. చివరికి, ఆవిడదే తప్పని రుజువు చేద్దామని ఉలి తెచ్చి రెక్క అంచున పెట్టాడు. పైచెక్క పాతగోడ పెచ్చులా లేచొచ్చింది. కింద జిగురు పట్టనే లేదు. నాయుడు అక్కడే చతికిలబడి, “వరహాలూ, అన్నం పెట్టవే,” అన్నాడు.

రెక్క మళ్లీ కట్టారు. అనుమతులూ పరీక్షలూ అన్నీ అయ్యాక, ఇద్దరూ ఎక్కి పొలాల మీద ఓ చుట్టు తిరిగి దిగారు. జనం విమానానికి దండలేసి కొబ్బరికాయ కొడుతున్నారు. నాయుడు మాత్రం జేబులోంచి ఆ ఊడిన ముక్కలు తీసి, వాటికి బొట్టు పెట్టి, వరహాలమ్మ చేతిలో ఉంచాడు. “ఇవాళ నేను బతికున్నానంటే నీ చలవే,” అని అందరి ముందూ బావురుమన్నాడు.

“నేనూ ఏడ్చాన్రా,” అన్నారు గురువుగారు.

కామేశం కళ్లు తుడుచుకున్నాడు. “అద్భుతమండీ గురువుగారూ! వంక పెట్టడానికి ఒక్క మాట లేదు!”

గురువుగారు వంటింటి వైపు తిరిగి కేకేశారు: “అమ్మాయ్, కామేశానికి గ్లాసుడు మజ్జిగ!”