మెరుపు చక్రాలు, ఏడో మలుపు

జీడికొండ అడవిలో దుప్పులు, కుందేళ్లు, నెమళ్లు, అడవిపందులు ఉండేవి. ఇళ్లు కొండ మీద, బడీ సంతా కొండ కింద. మధ్యలో తొమ్మిది మలుపుల దారి. ఏడో మలుపుకు ఒక పక్క బండ, రెండో పక్క అగాధం. దాని పేరు చెబితే ఏనుగులకు కూడా ఒళ్లు జలదరించేది.

చుక్కమ్మ అనే దుప్పి రోజూ తన ఇద్దరు పిల్లలనూ, కుందేలు వాళ్ల ముగ్గురు పిల్లలనూ తన పాత కారులో బడి దగ్గర దింపేది. ఒకరోజు వాన జల్లులో, ఏడో మలుపులో బ్రేకు వేస్తే కారు ఆగలేదు. జర్రున జారి, అంచుకు జానెడు దూరంలో నిలబడింది. పిల్లలు ఇదేదో ఆటనుకుని చప్పట్లు కొట్టారు. చుక్కమ్మకు మాత్రం అప్పటి నుంచి ముద్ద దిగేది కాదు. మబ్బు పట్టిందంటే చాలు, గుండెల్లో రైళ్లు పరుగెత్తేవి.

సంగతి తెలిసి, చక్రాల దుకాణం నడిపే నక్క బంగారయ్య వెతుక్కుంటూ వచ్చాడు.

"నీ కారు చక్రాలు మరీ చిన్నవమ్మా! పెద్ద మెరుపు చక్రాలు, వెడల్పు టైర్లు వేయించుకో. నేలను పట్టుకుంటే వదలవు. నెమలి నీలకంఠం నిన్ననే వేయించుకున్నాడు, చూడు!"

నీలకంఠం అప్పటికే ఖాళీ కారును మైదానంలో అటూ ఇటూ పరుగెత్తిస్తున్నాడు. ఎండకు చక్రాలు ధగధగలాడుతుంటే దారినపోయేవాళ్లంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

చుక్కమ్మ మనసు అటే లాగింది. అందం కోసం కాదు, పాపం. భయం పోతుందంటే ఆమె ఎడ్లబండి చక్రాలైనా తగిలించుకునేదే. "రేపు వస్తాను" అంది.

ఎందుకైనా మంచిదని, దారిలో ముళ్లపంది ఈటయ్య షెడ్డు దగ్గర ఆగింది. ఈటయ్య ఆ అడవిలోకెల్లా పాత మెకానిక్కు. ఆయన ఒక చింతగింజ తీసి ఆమె టైరు గాడిలో నిలబెట్టాడు. గింజ మొత్తం బయటికే కనిపించింది.

"గాడి ఈ గింజను మింగాలమ్మా. ఇక్కడ గాడే లేదు, ఇక వాననీళ్లు ఎటు పోతాయి? నీ కారు జారింది చక్రం చిన్నదై కాదు, టైరు అరిగి."

"పెద్ద చక్రాలయితే ఇంకా మంచిది కదా తాతా? నాకు చాలా భయంగా ఉంది."

"భయపడు, తప్పులేదు. కానీ ఖాళీ కారులో చూసి కొనకు. కారు నిండా ఎక్కించి, స్టీరింగు చివరికంటా తిప్పి చూడు. బరువుకు కారు కిందికి దిగినప్పుడు, పెద్ద టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుందేమో తెలుస్తుంది."

మర్నాడు చుక్కమ్మ, కారు నిండా ఎక్కించి తిప్పి చూపించమని బంగారయ్యను అడిగింది. బంగారయ్య చెవి గోక్కున్నాడు. "కొనేముందు అలా ఎవరూ అడగరమ్మా" అన్నాడు.

ఆమె అక్కడి నుంచే వెనక్కి తిరిగింది. ఈటయ్య చేత పాత రిమ్ములకే, పాత సైజులోనే కొత్త టైర్లు వేయించుకుంది.

నీలకంఠం పకపకా నవ్వాడు. "పాత గిన్నెలకు కొత్త మూతలా?"

"నువ్వు కూడా ఒకసారి నిండా ఎక్కించి తిప్పి చూసుకో, నీలకంఠం అన్నా."

"నా చక్రాలకే పరీక్షలా? పో పో!"

సంత రోజు పొద్దున్నే వాన అందుకుంది. నీలకంఠం తన కారులో అడవిపంది కుటుంబాన్ని కుక్కి ముందు బయలుదేరాడు. వెనకాలే పిల్లలతో చుక్కమ్మ. నాలుగో మలుపులో ఆమెకు రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఆరో మలుపులో ముందు కారు నుంచి గరగరా రాపిడి వినిపించింది. ఆపమన్నట్టు హారన్ మీద హారన్ కొట్టింది.

'నన్ను దాటిపోవాలనే!' అనుకుని నీలకంఠం ఇంకా వేగం పెంచాడు.

ఏడో మలుపులో ఢామ్మని టైరు పేలింది. కారు గిర్రున తిరిగి బండకు గుద్దుకుని, దారికి అడ్డంగా ఆగింది. ముందు చక్రం ఒకటి అగాధం మీద గాలిలో వేలాడుతోంది. ఇప్పుడు చుక్కమ్మ కారు జారిందంటే, ఆ కారును తోసుకుంటూ అందరూ లోయలోకే.

ఆమెకు కళ్లు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. బ్రేకు తొక్కింది. టైర్లు తడి దారిని గట్టిగా పట్టుకున్నాయి. మూరెడు దూరంలో కారు ఆగింది.

"అత్తా, మనం పడిపోతామా?" అంది చిన్న కుందేలు.

"లేదమ్మా, ఆగిపోయాం" అంది చుక్కమ్మ.

అడవిపందులు బండ వైపున్న వెనక తలుపులోంచి ఒక్కొక్కటే బయటికి పాకాయి. చివరికి నీలకంఠం దూకాడు. మరుక్షణమే కారు ఒరిగి, మెరుపు చక్రాలతో సహా లోయలోకి దొర్లిపోయింది. చాలాసేపటికి గానీ కింద చప్పుడు వినిపించలేదు.

అడవిపందులు ఇక జన్మలో కారెక్కమని నడిచే వెళ్లాయి. నీలకంఠం తడిసి ముద్దయి, చుక్కమ్మ కారు తలుపు దగ్గర తల దించుకుని నిలబడ్డాడు.

"నన్ను కిందికి దింపుతావా చుక్కమ్మా? కొంచెం... మెల్లగా పోనివ్వమ్మా."

"మెల్లగానే పోదాం అన్నా. నాకూ భయమే."

నీతి: ప్రాణాలను మోసేదాన్ని ఎంచుకునేటప్పుడు, అది ఎంత మెరుస్తుందో కాదు, బరువెక్కినప్పుడు ఎలా నిలుస్తుందో చూడాలి.