దిద్దిన అర్జీ

పూర్వం తెల్లదొరల కాలంలో ఒక జమీందారుగారి దగ్గర విస్సంరాజు అనే దివాను ఉండేవాడు. నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చేసరికి ఆయన కళ్లు నెత్తికెక్కాయి. అర్జీలన్నీ ఇంగ్లీషులోనే రాయాలనీ, తప్పుంటే తీసుకోననీ చాటింపు వేయించాడు.

అదే వారం చెరువు తూము తలుపు విరిగింది. పొలాలకు నీళ్లు వదిలే గురప్ప యాభయ్యో ఏట గ్రామరు పుస్తకం పట్టాడు. రాత్రంతా తూముకు మట్టిబస్తాలు అడ్డం వేయడం, పగలంతా పాఠాలు వల్లెవేయడం. మూడుసార్లు అర్జీ రాశాడు. మూడుసార్లూ దివాను ఎర్రసిరాతో దిద్ది, "గ్రామరు నేర్చుకుని రా" అని తిప్పి పంపాడు.

నాలుగోసారి గురప్ప ఆ పాత అర్జీలే పట్టుకుని, జమీందారుగారు కొలువులో ఉండగా దివాను దగ్గరికి వెళ్లాడు. నిలబడే ఓపిక లేక స్తంభానికి ఆనుకున్నాడు.

"ఈ వయసులో నాకు చదువు అబ్బదు బాబయ్యా. ఈ ఎర్రగీతలు తమరు పెట్టినవేనా?"

"ప్రతి గీతా నాదే" అన్నాడు దివాను గర్వంగా.

"అర్థం కాకుండానే దిద్దేశారేమోనని..."

"అర్థం కాకుండా ఎవడైనా దిద్దుతాడట్రా? మొదటి అర్జీ చూడగానే నాకు సంగతంతా తెలిసిపోయింది!"

"అయితే తూము విరిగిందని తమకు తెలిసి మూడు వారాలైందండి" అన్నాడు గురప్ప. "చెరువు సగం ఖాళీ అయింది ఆ తర్వాతే."

జమీందారు దివాను వైపు తిరిగాడు. దివాను అక్కడికక్కడే వడ్రంగులకు కబురు పెట్టాడు, అదీ తెలుగులోనే.

ఆ సాయంత్రం వడ్రంగులు వచ్చేసరికి గురప్ప గట్టుమీద గ్రామరు పుస్తకం తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఆ పుస్తకం అతనికి పనికొచ్చింది ఆ ఒక్కసారే.