నడిగోదారిలో వెనక్కి తిరిగిన పడవ

రాజ్యశ్రీ భాగవతారిణి దగ్గర హరికథ నేర్చుకునే ఆడపిల్లలందరికీ ఆవిడ అలవాటొకటి తెలుసు. పాఠంలో సందేహం అడిగితే కూర్చున్నచోటే తీర్చేస్తారు. బతుకులో సందేహం అడిగితే మాత్రం లేచి చెప్పులు వేసుకుంటారు.

మార్గశిరంలో ఒక ఆదివారం పొద్దున, మిగతా పిల్లలు రాకముందే ప్రణతి వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల, ఇంటర్ రెండో సంవత్సరం. నెల రోజులుగా ఆమె గొంతు పైస్థాయికి లేవడం లేదు. చేతిలోని చిడతల వంకే చూస్తూ అడిగింది.

“అమ్మగారూ, ఒకరితో ఇష్టపడే వెళ్ళి, మధ్యలో వద్దంటే తప్పా?”

ఆ ఒకరెవరని ఆవిడ అడగలేదు. “పద, రేవు దాకా వెళ్ళొద్దాం,” అన్నారు.

గోదారి కనిపించడం లేదు. మంచు నీళ్ళ మీదికి దిగి, ఏది నీరో ఏది ఆకాశమో తెలియకుండా చేసింది. పడవ సూరన్న ఇద్దర్నీ ఎక్కించుకుని గెడకర్ర వేసి తోశాడు. కాసేపటికి వెనక ఒడ్డు కరిగిపోయింది. ముందు, నది మధ్య లంకదిబ్బ ఇంకా పుట్టలేదు. ఆ తెల్లదనంలో ఊగుతుంటే ప్రణతికి తను నిద్రలో ఉన్నట్టనిపించింది. నిద్రలో కల వచ్చినట్టే వంశీధర్ మనసులోకి వచ్చాడు.

ట్యూషన్లో సీనియర్ అతను. మొదట్లో సైకిలు నడిపించుకుంటూ ఇంటి మలుపు దాకా తోడొచ్చేవాడు. తర్వాత ఫోన్ చూపించమన్నాడు. స్నేహితురాళ్ళతో మాట్లాడొద్దన్నాడు. మాట్లాడితే చెయ్యి కోసుకుంటానన్నాడు. అదంతా ప్రేమేననుకుని ప్రణతి ఒక్కొక్కరికే దూరమైంది. నెల కిందట, పుస్తకాలిస్తానని ఎవరిదో గదికి తీసుకెళ్ళాడు. ఆమె వద్దంది. అతను ఆగలేదు. “వచ్చింది నువ్వే కదా,” అన్నాడు తర్వాత. ఆ మాట నెల రోజులుగా ఆమె లోపల తిరుగుతూనే ఉంది.

సరిగ్గా నది మధ్యలో భాగవతారిణి తలెత్తి అన్నారు. “సూరన్నా, వద్దు. వెనక్కి తిప్పు.”

“ఆయ్, అలాగేనండి.”

పడవ తిరిగింది. అంతే. సూరన్న విసుక్కోలేదు, సణగలేదు. ప్రణతి అతని వంక వింతగా చూసింది.

“సగం దూరం వచ్చేశాం కదా బాబాయ్. కోపం రాలేదా?”

“కోపమెందుకమ్మా? నా పడవెక్కారు గానీ నాకమ్ముడుపోలేదు కదా. వద్దన్నాక కూడా గెడ వేశాననుకో, అది దాటించడం కాదు.”

“మరి?”

“ఎత్తుకుపోవడం,” అన్నాడు సూరన్న, నీళ్ళవంక చూస్తూ, అదేమంత పెద్ద సంగతి కానట్టు.

ప్రణతి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. ఒడ్డు చేరాక, తడి ఇసుకలో కూర్చుని, ఆగి ఆగి మొత్తం చెప్పింది. అంతా విన్నాక భాగవతారిణి తేల్చి చెప్పారు. “ఇది నేనొక్కదాన్ని దాచుకోవలసిన మాట కాదమ్మా. సాయం చేసేవాళ్ళున్నారు. నేను పక్కనే ఉంటాను, నువ్వే మాట్లాడు.” పిల్లల కోసం ఉన్న 1098 నంబరు నొక్కి ఫోన్ ఆమె చేతిలో పెట్టారు.

అటునుంచి ఒకావిడ మొట్టమొదట అడిగింది: “ఇప్పుడు నువ్వు క్షేమంగా ఉన్నావా తల్లీ?” ఈ నెలలో ఎవరూ అడగని ప్రశ్న అది. “ఉన్నానండీ,” అని, జరిగిందంతా మొదట్నుంచీ చెప్పింది ప్రణతి. ఆవిడ అంతసేపూ లైన్లోనే ఉంది.

అమ్మకి చెప్పడమే అన్నిటికన్నా కష్టమనుకుంది. ఇంట్లో కుట్టుమిషన్ ముందున్న తల్లి సుగుణ సంగతంతా విని, కుడుతున్న జాకెట్టు అలాగే వదిలేసి వచ్చి, కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, “నాకు చెప్పడానికి భయపడేలా పెంచానా నిన్ను?” అని తనే ఏడ్చింది. ఆ సాయంత్రమే భాగవతారిణితో కలిసి ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. లేడీ డాక్టరు చెయ్యి పట్టుకునే ముందు కూడా “పట్టుకోనా?” అని అడిగింది. పిల్లల సంరక్షణ అధికారిణి పక్కన కూర్చోగా ప్రణతి పోలీసులకు జరిగింది చెప్పింది. కేసు నమోదైంది. వంశీధర్ మేనమామ రాజీకని రెండుసార్లు వచ్చాడు. సుగుణ గుమ్మంలోంచే పంపేసింది.

ఏదీ ఒక్కరోజులో సర్దుకోలేదు. కొన్ని పొద్దులు ప్రణతి మంచం దిగేది కాదు. వారానికోసారి కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళేది. దూరమైన స్నేహితురాలు శాంభవికి తనే ఫోన్ చేసింది. మాఘం వెళ్తుండగా మళ్ళీ పాఠానికి వచ్చింది. ఆ రోజు గొంతు కొంచెం వణికినా పైకి లేచింది.

పాఠమయ్యాక, అందరూ వెళ్ళాక, గుమ్మం దగ్గర ఆగి అంది. “ముందే పసిగట్టాల్సింది కదా అమ్మగారూ. అంత గుడ్డిగా నమ్మానేమిటి?”

భాగవతారిణి ఈసారి చెప్పుల కోసం చూడలేదు.

“నమ్మడం వరకే నీది,” అన్నారు. “ఆ నమ్మకాన్ని ఏం చేశాడో దానికి జవాబు చెప్పుకోవలసింది అతను, నువ్వు కాదు.”