గడియసేపు ఆగిన కరకర

చింతలగిరి రాజు నరహరిదేవుగారికి ఆ సాయంత్రం పట్టరాని కోపం వచ్చింది. కారణం బంగాళాదుంప.

వైద్యుడు నూనెలో వేయించినవి మానెయ్యమన్నప్పటినుంచి, ఆయనకు ఫలహారంగా నిప్పుల మీద కాల్చిన దుంపబిళ్ళలు పంపుతున్నారు. అవి రోజూ నానిన తోలుముక్కల్లా సాగుతున్నాయి. అంతటితో పోతే సర్దుకునేవారే. కానీ తెర వెనక కూర్చుని ముందుగా రుచి చూసే కూర్మయ్య నోట్లో అవే బిళ్ళలు కరకరమని మోగుతున్నాయి.

ఆ సంస్థానంలో ఒక ఆచారం ఉంది. రాజుగారికి ఏది పెట్టినా ముందు కూర్మయ్య తినాలి. ఆ తరవాత పళ్ళేనికి వెండి మూత బిగించి, నీళ్ళ తొట్టిలో వేసిన చిల్లుగిన్నె మునిగేదాకా, అంటే గడియసేపు, అందరూ అతని మొహం చూస్తూ కూర్చోవాలి. అతను పడిపోకపోతేనే పళ్ళెం లోపలికి వెళుతుంది. మూడు తరాలుగా కూర్మయ్య వంశంలో ఎవరూ పడిపోలేదు. రాజుగారి వంశంలో ఎవరూ వేడి అన్నం తినలేదు.

"నీ నోట్లో మోగేది నా నోట్లో ఎందుకు మోగదు, కూర్మయ్యా?" అని రాజుగారు నిండు సభలో అడిగారు.

కూర్మయ్య జవాబు చెప్పేలోగా వంటశాల పెద్ద సర్వేశం లేచాడు. ఆయనకు 'పాకశేఖర' అని బిరుదు. ఆ బిరుదు చెక్కిన వెండి అట్లకాడ ఎప్పుడూ నడుముకి దోపుకునే తిరుగుతాడు. దాంతో ఒక్క అట్టు తిరగేసినట్టు చూసినవాళ్ళు మాత్రం లేరు.

"ఇందులో వింతేముంది ప్రభూ? కరకరలాడేవన్నీ ఇతను ఏరుకు తింటున్నాడు. మెత్తనివి తమకు మిగులుస్తున్నాడు."

సభ తలూపింది. పాకశేఖరుడి మాటకి తలూపితే విందులో ఇంకో బూరె పడుతుందని సభకి అనుభవం.

"అయితే రేపు దుంపలు నువ్వే తీసుకురా, కూర్మయ్యా. మీ ఇంట్లో ఎలా చేసుకుంటావో అలాగే. నా నోట్లో మోగితే సరే. మోగకపోతే నీ కొలువు సర్వేశం తమ్ముడిది, నువ్వు కోట ఖాళీ చెయ్యాలి," అన్నారు రాజుగారు.

"ఆచారం మాత్రం తప్పకూడదు," అని సర్వేశం తియ్యగా గుర్తుచేశాడు.

కూర్మయ్య తిన్నగా ఇంటికి నడిచాడు. జబ్బు ఎక్కడుందో అతనికి తెలుసు. వేడివేడి బిళ్ళల మీద మూత బిగిస్తే ఆవిరి పట్టి మెత్తబడక ఏమవుతాయి? కానీ ఆచారం తప్పంటే రాజుగారి తాతగారిని తప్పు పట్టినట్టు. పైగా 'గడియసేపు ఆగొద్దు' అని రుచిచూసేవాడే అంటే, విషం కలిపి తొందరపడుతున్నాడంటారు.

భార్య పైడమ్మ పొయ్యి ముందు కూర్చుని దుంపలు కాలుస్తోంది. సంగతంతా విని నిట్టూర్చింది.

"పొయ్యి పక్కన కూచున్నవాడికే రుచి. అలాగని రాజుగారిని మనింటికి పిలవలేం కదా."

కూర్మయ్య నోటిదాకా వెళ్ళిన బిళ్ళ అక్కడే ఆగిపోయింది.

"పిలవక్కర్లేదే. పొయ్యే వెళుతుంది."

మర్నాడు సాయంత్రం అతను పళ్ళెంతోపాటు కుంపటి, రెండు పెనాలు, మూడు గులకరాళ్ళు మోసుకుని సభకి వచ్చాడు. పళ్ళెంలో దుంపబిళ్ళలు తమలపాకంత పల్చగా ఉన్నాయి. పైడమ్మ వాటిని నీళ్ళలో నానేసి, తెల్లటి పిండి వదలగొట్టి, గుడ్డ మీద తడి ఆరబెట్టి, వేలికొసతో నూనె తాకించి, ఉప్పూ మిరియాలూ చల్లింది.

సర్వేశం తొంగిచూసి నవ్వాడు. "ఇవి పచ్చివి."

"పచ్చివైతే ఆచారం వర్తించదా అండీ?" అంటూ కూర్మయ్య ఒక పచ్చి బిళ్ళ తీసి నమిలాడు. తనే వెండి మూత బిగించి, తనే చిల్లుగిన్నెని తొట్టిలో వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సభంతా గడియసేపు అతని మొహం చూసింది. గిన్నె మునిగింది. కూర్మయ్య మునగలేదు.

అప్పుడు కుంపటి రాజేసి, పెనం ఎక్కించి, బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చాడు. పెనం అంచున మూడు గులకరాళ్ళు పెట్టి, నిప్పులు పోసిన రెండో పెనాన్ని వాటి మీద ఆనించాడు.

"ఆ రాళ్ళెందుకు?" అని రాజుగారు సింహాసనం దిగి వచ్చారు.

"ఆవిరి పోవడానికి దారి ప్రభూ. ఇక పై పెనం దించి తిరగెయ్యాలి. తిరగేసే చెయ్యి మాత్రం తమరిదే కావాలి."

రాజు పొయ్యి దగ్గర కూర్చోవడమా అని సభ గుసగుసలాడింది. రాజుగారికి ఆ గుసగుసలు వినపడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ముక్కుకి అంత దగ్గరగా ఏదీ వేగలేదు.

"సర్వేశం, ఆ అట్లకాడ ఇటివ్వు."

పాకశేఖరుడి అట్లకాడ ఆనాడు మొదటిసారి వంట ఎరిగింది. రాజుగారు ఒక్కొక్క బిళ్ళనీ నాలుక పంటికింద పెట్టుకుని శ్రద్ధగా తిరగేశారు. రెండు వైపులా బంగారు రంగు తిరిగాక ఒకటి తీసి నోట్లో పెట్టుకోబోయారు.

సర్వేశం అడ్డుపడ్డాడు. "ఆగాలి ప్రభూ. వండాక రుచి చూడాలి, మూత పెట్టాలి, గడియసేపు ఆగాలి."

కూర్మయ్య వినయంగా చేతులు జోడించాడు.

"వండింది ప్రభువులు. వారి చేతి మీద తమకేమైనా అనుమానమా, పాకశేఖరా?"

సర్వేశం ఇంకో మాట అనేలోగా రాజుగారి నోట్లోంచి కరకర వినిపించింది. చివరి వరసలో కునుకు తీస్తున్న పురోహితుడు కూడా లేచి కూర్చున్నాడు.

రాజుగారి కళ్ళు చెమ్మగిల్లాయి. "మా తాతగారు పాపం ఇది ఎరగకుండానే పోయారు," అన్నారు. ఆ వెంటనే ఇంకో నాలుగు మోగించారు.

ఆ తరవాత అట్లకాడ తుడిచి కూర్మయ్య చేతికిచ్చారు. "ఇది పైడమ్మకి. బిరుదు కూడా దాంతోపాటే. నీ కొలువు నీదే. రేపటినుంచి పొయ్యి నా గదిలోనే."

మిగిలిన బిళ్ళల్లోంచి గుప్పెడు తీసి పళ్ళెంలో వేసి, వెండి మూత స్వయంగా బిగించి సర్వేశం ముందు పెట్టించారు.

"ఇది నీ వాటా. ఆచారం తప్పకూడదు కదా. గడియసేపు ఆగి తిను."

చిల్లుగిన్నె మళ్ళీ తొట్టిలో పడింది. ఈసారి సభంతా నవ్వుతూ సర్వేశం మొహం చూస్తూ కూర్చుంది.