ముల్లు తగలని రికార్డు

విశాఖపట్నంలో ఉండే త్రినాథ్‌కి పాత గ్రామఫోను రికార్డులు పోగుచెయ్యడం పిచ్చి. మళ్లీ అచ్చేసినవి అతని కంటికి ఆనవు, మొదటి అచ్చే కావాలి. అలాంటివాడికి పెద్ద గురువుగారి ఎల్పీ దొరికింది. దొరికిన రోజునుంచీ మనిషికి మనశ్శాంతి కరువైంది. సముద్రపు గాలికి బూజు పడుతుందేమో, ఎండకి వంగిపోతుందేమో!

చివరికి దాన్ని పట్టుకుని విజయనగరం వెళ్లాడు, తనకు పాట నేర్పిన పరాంకుశాచార్యుల దగ్గరికి. పెద్ద గురువుగారంటే ఆచార్యులవారి గురువు. ఆయన జీవితం మొత్తంలో రికార్డుకి పాడింది ఆ ఒక్కసారే.

"ఒక్కసారి కూడా ముల్లు తగల్లేదు గురువుగారూ. మధ్య చిల్లు చుట్టూ చూడండి, ప్లేయరుకి తగిలించిన గీతైనా లేదు," అన్నాడు గొప్పగా. చేతులకు తెల్లటి నూలు తొడుగులు కూడా వేసుకున్నాడు మహానుభావుడు.

ఆచార్యులవారు అట్టమీది తన గురువు బొమ్మను చాలాసేపు చూశారు.

"ఇది రికార్డు చేసిన రోజు మద్రాసులో ఒకటే ఉక్క. మైకులో చప్పుడొస్తుందని ఫ్యాన్లు ఆపించేశారు. ఆయన ఒళ్లంతా చెమట. తుడుద్దామంటే నా చేతిలో తంబురా." ఆచార్యులవారు అట్టమీద వేలితో తట్టారు. "ఏదీ, ఒక్కసారి వినిపించు."

త్రినాథ్ రికార్డును గబగబా అట్టలో దూర్చేశాడు.

"ముల్లు పెడితే గాడి అరిగిపోతుందండీ. దీన్ని ఎక్కడ దాచమంటారో అడుగుదామని వచ్చాను."

కాఫీ తెచ్చిన గురుపత్ని ఊరుకోలేదు. "దాచి దాచి దయ్యాల పాలు చేస్తావేమిట్రా?"

ఆచార్యులవారు నవ్వి లేచారు. బీరువాలోంచి తన రికార్డు తీశారు. అదీ అదే ఎల్పీ, ఇంకో కాపీ. అట్ట ఎప్పుడో పోయి, న్యూస్‌పేపరు చుట్టి ఉంది. గురువు పోయిన నాటినుంచీ ఆయన పొద్దున్నే వినేది దాన్నే. ప్లేయరు మీద పెడితే బరబరమంటూ తిరిగింది. ఎక్కడో దూరంగా ఒక గొంతు. పల్లవిలో రెండో సంగతికి అదీ గీతల్లో మునిగిపోయింది.

మునిగిన చోట ఆచార్యులవారు అందుకున్నారు. కళ్లు మూసుకుని, అదే కాలంలో, అదే గమకంతో పాడారు. రికార్డులో గొంతు తేలితే ఆగారు, పోతే మళ్లీ పాడారు. కాసేపటికి ఏది రికార్డో ఏది మనిషో తెలియలేదు.

ఆ పాట త్రినాథ్‌కీ వచ్చు. ఈ గదిలోనే, ఈ చాపమీదే నేర్చుకున్నాడు. పాడి ఎన్నాళ్లయిందో తలుచుకుంటే సిగ్గేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాట అయిపోయింది. ఆచార్యులవారు ముల్లు ఎత్తి పక్కన పెట్టారు.

"అరిగిపోతుందంటావేమిట్రా," అన్నారు. "అరిగిందంతా నా దగ్గరే ఉంది."

త్రినాథ్ చేతి తొడుగులు తీసేశాడు. తను తెచ్చిన రికార్డును అట్టలోంచి తీసి, ప్లేయరు మీద పెట్టి, ఆ పాత ముల్లే దానిమీద దించాడు.