ఉద్దండరాయుడు కొనదలచిన ఇల్లు

"గువ్వ గూడు కట్టె, గూట గడ్డి పరిచె..."

ఆ పైన ఏమిటో దాసి చెల్లాయమ్మకు ఎంతకీ నోటికి రాలేదు. చిన్ననాడు రోజూ పాడుకున్న పాటే. వచ్చినంత మటుకే మళ్లీ మళ్లీ పాడుతూ రాజమాత కాళ్లు ఒత్తుతోంది. ఆవిడ దగ్గు మాత్రం ఆగడం లేదు.

ఒకానొక రాజ్యంలో ఆ ఏడు ఏరు పొంగి రాజుగారి కోటను పునాదులతో సహా ఊడ్చుకుపోయింది. ఉద్దండరాయుడు తల్లితో గుడారంలో పడ్డాడు. ఎవరి ఇల్లయినా లాక్కోవచ్చు గానీ, అది పరువుతక్కువ. వెల ఇచ్చి కొంటానన్నాడు. కొనబోయే ఇంటికి నూట ఎనిమిది లక్షణాలు ఉండాలని పట్టీ రాయించాడు. అద్దాల గది, నెమళ్ల తోట, ఏనుగు మీంచి దిగడానికి అరుగు, ఇలా. చూసిన ఇంటికల్లా వంక పెడుతూ నాలుగు నెలలు గడిపాడు. గుడారం నేలలోని చెమ్మ రాజమాత రొమ్ముకు పట్టింది.

ఇంకొక్క ముసురు పడితే ఆవిడ దక్కదని చెల్లాయమ్మకు తెలుసు. "అమ్మగారి కోసమైనా ఏదో ఒకటి కొనండి ప్రభూ," అంది.

"కళ్లాపి చల్లుకునే దానివి, రాజుల ఇళ్ల సంగతి నీకేం తెలుసు? అంత తెలిస్తే నువ్వే వెతుకు. మూడు రోజుల్లో దొరక్కపోతే ఈ గుడారం ఛాయలకు రాకు."

చెల్లాయమ్మ ఊళ్లోకి నడిచింది. తను వెళ్లిపోతే ఆ ముసలి ప్రాణానికి గుక్కెడు గంజి పోసేదెవరు?

ఊరు విడిచి పోతున్న నేతగాడి ఇల్లొకటి మొదటినాడే చూసి పెట్టుకుంది. ప్రభువును ఒప్పించడమే కష్టం. మూడోనాడు మబ్బు కమ్మేదాకా ఆగి, రాజును పిలిపించింది.

"ఏమేం కావాలో అమ్మగారి మంచం పక్కన కూర్చుని చెప్పండి ప్రభూ. రాసుకుంటాను." నడివయసులో దిద్దుకున్న అక్షరాలు ఆమెవి. పలక ఒళ్లో పెట్టుకుంది.

రాజు పట్టీ విప్పాడు. "ఒకటి, అద్దాల గది..." అంతలో వాన దిగింది. "ఇక్కడ కారుతోంది, అమ్మ మంచం జరపండి." చెల్లాయమ్మ రాసుకుంది. "రెండు, నెమళ్ల తోట... ఆ గాలికి ఏదైనా అడ్డం పెట్టండర్రా. అమ్మ వణుకుతోంది, నిప్పు తెండి. కింద తడి, ఎత్తుగా ఏదైనా వెయ్యండి." అదీ రాసుకుంది. మూడో లక్షణం చదవకముందే పట్టీ తడిసి ముద్దయింది.

"ఏం రాశావు? చదువు."

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. "కారని కప్పు. గాలి ఆపే తలుపు. పొయ్యి. పొడి నేల."

"నా అద్దాల గది ఏది?"

"వానలో తమరు కేకేసి అడిగినవే రాశాను ప్రభూ. అద్దాల గది తెమ్మని ఎవరినీ కేకెయ్యలేదు మరి."

రాజు తడిసిన పట్టీ పక్కన పడేశాడు. తర్వాత నవ్వాడు, కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. దగ్గు మధ్య రాజమాత కూడా కాస్త నవ్వింది.

ఆ సాయంత్రమే నేతగాడి ఇల్లు కొన్నారు. ఆ పొడి నేల మీద రాజమాత పద్దెనిమిది రాత్రులు కంటినిండా నిద్రపోయింది. పంతొమ్మిదో పొద్దున లేవలేదు.

కర్మకాండ ముగిశాక రాజు ఆ ఇంటిని చెల్లాయమ్మ పేర రాయించి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఎగువన కొత్త ఊరు కట్టుకోవడానికి పోతున్నాడు, మళ్లీ ఇటు రాడు. గుర్రం ఎక్కబోయి ఆగాడు.

"నూట ఎనిమిదీ నేనే రాయించాను, చెల్లాయమ్మా. అమ్మకేం కావాలో అమ్మను ఒక్కసారైనా అడగలేదు."