అరిగిన పతకం

పసరగడ్డ కోట గెలిచిన రోజు గోడెక్కిన వాళ్లందరికీ రాజుగారు ఒక్కో వెండి పతకం, దాంతోపాటు కొంత మాన్యం ఇచ్చారు. నలభై ఏళ్ల తర్వాత, పతకాలు పరీక్షించే కొత్త అధికారి రంగశాయి వాటన్నిటినీ సభకు తెప్పించాడు. మోట తోలుకుని బతికే ముసలి దుగ్గమ్మ పతకాన్ని రెండు వేళ్లతో ఎత్తి, "బొమ్మ అరిగింది, చిల్లు సాగింది. అసలు వెండైతే ఇట్లా అవుతుందా? ఇది నకిలీది. మాన్యం రద్దు!" అన్నాడు.

ఆనాడు తనూ గోడెక్కి తెచ్చుకున్న ఆ పతకాన్ని, మొగుడు పోయినా మెడలోంచి తియ్యని మనిషి దుగ్గమ్మ. ఒళ్లు మండిపోయినా గొంతు తగ్గించి, "అసలుది ఎట్లా ఉంటుందో చూపించు బాబూ," అంది.

రంగశాయి రొమ్ము విరుచుకున్నాడు. "ఇదిగో, మా తాతది. అదే కోట, అదే రోజు. ఆనాటి నుంచి మా ఇంటి మగవాళ్ల రొమ్ము దిగలేదు. నిన్న పోసినట్టు లేదూ?"

"ఒక్కరోజు కూడా దిగలేదా?"

"ఒక్కరోజు కూడా!"

దుగ్గమ్మ రాజుగారి వైపు తిరిగింది. "మహాప్రభో, మా మోట తాడు ఒరుసుకుని బావి గట్టు రాయే కోసుకుపోయింది. నలభై ఏళ్లు తాడుకి వేలాడితే వెండి చిల్లు సాగదా? రెండూ పక్కపక్కన పెట్టి చూడండి."

రాజుగారు చూశారు. దుగ్గమ్మ పతకం చిల్లు వడ్లగింజలా పొడుగ్గా సాగింది. రంగశాయిది గుండ్రంగా, అంచు కూడా అరగకుండా ఉంది.

"ఎవరు పోశారయ్యా ఇది?"

"నిరుడు... కంసాలి..." అని రంగశాయి నీళ్లు నమిలాడు.

మాన్యం దుగ్గమ్మకే ఖాయమైంది. భటులు రంగశాయి పతకం లాగబోతే ఆవిడే అడ్డుపడింది.

"ఉండనివ్వండయ్యా. ఇవాళ్టి నుంచి వేసుకోమనండి. నలభై ఏళ్లు పోయాక తెస్తే, దానికి వెల నేనే కడతాను."